ఊఁ కొట్టే మనిషి



పిల్లల వైద్యం నేర్పిన మా మాస్టారి పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచి, విషయం ఏదన్నది నాకే వదిలేశారు. నాకు వెంటనే గుర్తొచ్చింది ఓపీలో ఆయన అడిగే మొదటి ప్రశ్న. తల్లి బిడ్డను ఒళ్ళో సర్దుకుని కూర్చోగానే మాస్టారు స్టెతస్కోపు అందుకునేవారు కాదు. "ఏమంటున్నాడమ్మా మీవాడు?" అనేవారు. మూడు నెలల పసివాడు ఏమంటాడని హౌస్‌సర్జన్లుగా మేం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. తల్లులకు మాత్రం ఆ ప్రశ్న సూటిగా అందేది. "నిన్న సాయంత్రం దాకా నన్ను చూస్తే కాళ్ళూ చేతులూ ఆడించి ఊసులు చెప్పేవాడండీ, రాత్రి నుంచి పిలిచినా పలకడం లేదు" అని ఒకామె అంటే, ఆ మాట పూర్తయ్యేలోపే మాస్టారి వేళ్ళు బిడ్డ మాడు మీద ఉండేవి. థర్మామీటరు కన్నా ఆ తల్లి మాటకు ఆయన ఎక్కువ విలువ ఇచ్చేవారు. ఊసులాడే బిడ్డ ఊసు మానేశాడంటే ఏదో జబ్బు ముంచుకొస్తోందన్నమాట. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది రోజంతా వాడికి ఊఁ కొట్టే మనిషికే.

బిడ్డకూ పెంచేవాళ్ళకూ మధ్య బంధం ఎక్కడిదని అడిగితే మనం పేగుబంధం అంటాం, కడుపుతీపి అంటాం. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. అయితే బొడ్డు కోసిన తర్వాత ఆ బంధం రోజురోజుకూ ఎలా అల్లుకుంటుందో అవి చెప్పవు. దత్తత తెచ్చుకున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి పెంచిన తల్లి చంక దిగకపోవడం ఎంతమంది ఇళ్ళలో చూడలేదు! అక్కడ పేగు లేదు, ఊఁ కొట్టడం ఉంది. బిడ్డ ఒకటి చేస్తాడు, పెద్దవాళ్ళు బదులిస్తారు, వాడు ఆగి చూసి మళ్ళీ చేస్తాడు. రోజుకు కొన్ని వందలసార్లు జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే బంధం పుడుతుందన్నది 40 ఏళ్ళ పిల్లల వైద్యంలో నాకు కుదిరిన నమ్మకం.

ఈ సంభాషణ పాల దగ్గరే మొదలవుతుంది. రొమ్ము తాగుతున్న బిడ్డను పక్కన కూర్చుని గమనించండి. గబగబా కొన్ని గుక్కలు తాగుతాడు, ఆగిపోతాడు. రొమ్ము నోట్లోనే ఉంటుంది, దవడ కదలదు, కళ్ళు అరమోడ్పులవుతాయి. తల్లి ఊరుకోదు. చెంప మీద వేలితో తడుతుంది, అరికాలు గీరుతుంది, ఒళ్ళోనే కాస్త ఊపి "ఏం నాన్నా, అప్పుడే నిద్రా?" అంటుంది. వాడు మళ్ళీ అందుకుంటాడు. కెన్నెత్ కే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో ఈ గుక్కలనూ విరామాలనూ సెకన్ల లెక్కన కొలిచాడు. బిడ్డ ఊపిరి కోసమో అలసిపోయో ఆగుతున్నాడని చెప్పే ఆధారం ఆయనకు దొరకలేదు. దొరికింది మరొకటి. తల్లి ఊపుతున్నంతసేపూ బిడ్డ తాగడు, ఊపడం ఆపాక తాగుతాడు. రెండు వారాలు తిరిగేసరికి తల్లులు తమకు తెలియకుండానే ఆ ఊపును పొట్టిగా చేసుకున్నారు. కాస్త ఊపి, ఆగి, ఎదురుచూడడం నేర్చుకున్నారు. నీ వంతు, నా వంతు అనే పద్ధతి మనిషికి పట్టుబడేది అక్కడే. మాటలు రావడానికి ఇంకా ఏడాది ఉండగానే మాట్లాడే తీరు వచ్చేస్తోందన్నమాట.

ఆ తీరుకు బిడ్డ సిద్ధమయ్యే పుడతాడు. పుట్టిన కొత్తలో బిడ్డ చూపు బాగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో. ఒళ్ళో ఉన్న బిడ్డకూ పాలిచ్చే తల్లి ముఖానికీ ఉండే దూరం కూడా అంతే. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో మూడు రోజులైనా నిండని పిల్లల నోట్లో రబ్బరు పీక పెట్టి, ఒక రకంగా చప్పరిస్తే కన్నతల్లి గొంతు, మరో రకంగా చప్పరిస్తే వేరే ఆమె గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. పిల్లలు తల్లి గొంతు వినిపించేలా చప్పరింపును మార్చుకున్నారు. కడుపులో ఉండగా విన్న గొంతును బయటికొచ్చాక వెతుక్కుంటున్నారు.

మన ఇళ్ళలో ఈ సంభాషణకు పెద్ద వేదిక నీళ్ళు పోసే చోటు. పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపుకున్న ముసలమ్మ, ఆ కాళ్ళ మీద బోర్లా పడుకున్న బిడ్డ. నూనె రాస్తున్నంతసేపూ ఆమె నోరు ఆగదు. ఇప్పుడు వీపు రుద్దుతాను, ఇప్పుడు చెయ్యి చాపు, అయిపోయింది అయిపోయింది, ఒక్క చెంబే. చెయ్యి కన్నా ముందు గొంతు వెళ్తుంది. బిడ్డ ఏడుపు అందుకుంటే ఆమె గొంతు పైకి లేచి ఏడుపును కలుపుకుని మెల్లగా కిందికి దించుతుంది. లాల, బువ్వ, బొజ్జ, బజ్జో, జేజి అని పసివాళ్ళ కోసమే మనం దాచుకున్న మాటలన్నీ ఆ పీట దగ్గర వినబడతాయి. ఇలాంటి ప్రత్యేకమైన మాటలు మన సొత్తే కాదు. చార్లెస్ ఫెర్గుసన్ అనే భాషాశాస్త్రవేత్త 1964లో ఆరు భాషల్లోని పసిమాటలను పోల్చి చూశాడు, వాటిలో మన పొరుగున ఉన్న మరాఠీ ఒకటి. ముక్కుల్లో చెవుల్లో నూనె పోయొద్దని, సాంబ్రాణి పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకు మంచిది కాదని నేను ప్రతి అమ్మమ్మకూ చెబుతూనే ఉన్నాను. ఆ మాటలు మాత్రం మానొద్దని కూడా చెబుతాను.

బదులు ఆగిపోతే ఏమవుతుంది? ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970ల్లో చేసిన ప్రయోగం చాలా చిన్నది. తల్లీ బిడ్డా ఎదురెదురుగా కూర్చుని మామూలుగా ఆడుకుంటారు. తర్వాత రెండు నిమిషాల పాటు తల్లి ముఖంలో కదలిక లేకుండా, పెదవి విప్పకుండా బిడ్డవైపే చూస్తూ ఉండాలి. బిడ్డకు క్షణాల్లో తేడా తెలిసిపోతుంది. ముందు నవ్వుతాడు. రోజూ పనిచేసే నవ్వు అది. బదులు రాదు. గొంతు పెంచుతాడు, చేతులు చాస్తాడు, ఇందాక ఏది చేస్తే అమ్మ నవ్విందో అదే మళ్ళీ చేసి చూపిస్తాడు. అయినా ఆ ముఖం రాయిలాగే ఉంటే తల తిప్పుకుంటాడు. ఓరగా ఒకసారి చూస్తాడు. ఒళ్ళు వాలిపోతుంది, వేళ్ళు నోట్లోకి పోతాయి. తల్లి వదిలిపోలేదు, కసురుకోలేదు, కళ్ళెదుటే ఉంది. బదులు ఒక్కటే లేదు. ఆ ఒక్కటి లేకపోతే తల్లి ఉన్నా లేనట్టేనని అంత పసివాడు మనకు చెబుతున్నాడు.

ఈ ప్రయోగం గురించి విన్న తల్లులు భయపడతారు. నిన్న పొయ్యి దగ్గర ఉండి పలకలేదే, ఫోనులో మాట్లాడుతూ చూడలేదే, బిడ్డకు ఏమైనా అవుతుందా అని నన్ను అడుగుతారు. వాళ్ళకు నేను ట్రానిక్ చెప్పిన రెండో సంగతి చెబుతాను. హాయిగా పెరుగుతున్న పిల్లల్లో కూడా తల్లీబిడ్డలిద్దరి తాళం సరిగ్గా కలిసేది దాదాపు 30 శాతం సమయమే. మిగిలిన సమయమంతా తప్పుతూనే ఉంటుంది. బిడ్డ ఆవలిస్తుంటే తల్లి గిలక ఆడిస్తుంది. బిడ్డ చాలని తల తిప్పుకున్నా ముద్దులు పెడుతూనే ఉంటుంది. వాడు మొహం ముడుచుకోగానే "అయ్యో, వద్దా కన్నా" అని తగ్గుతుంది. బంధాన్ని గట్టి చేసేది తప్పిన తాళాన్ని మళ్ళీ అందుకునే ఆ సర్దుబాటే. తెగినది మళ్ళీ కలుస్తుందన్న నమ్మకం బిడ్డకు అలాగే కుదురుతుంది. కాబట్టి ఏ పొరపాటూ చేయని తల్లి బిడ్డకు అక్కర్లేదు. అలాంటి తల్లి ఎక్కడా లేదు కూడా.

ఈ శాస్త్రం చరిత్రలో తల్లులను నిందించిన అధ్యాయం ఒకటి ఉంది. ఆటిజం తల్లి ప్రేమ చాలకపోవడం వల్ల వస్తుందని ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లే రాశారు. అది పచ్చి అబద్ధమని తేలి దశాబ్దాలైంది. ఆ అబద్ధం కొందరు అత్తగార్ల నోట ఇప్పటికీ వింటున్నాను. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి ఎవరైనా ఈ సభలో ఉంటే, అమ్మా, అది మీ తప్పు కాదు.

మరో తల్లిని కూడా తలుచుకోవాలి. కాన్పయ్యాక దిగులు పట్టుకున్న తల్లి ముఖం ట్రానిక్ ప్రయోగంలో అడిగి చేయించిన ముఖంలా ఉంటుంది, కానీ రెండు నిమిషాలకు మారదు. ఆమె బద్ధకస్తురాలు కాదు, ఆమెకు ఏ గాలీ సోకలేదు. అది జబ్బు, నయమయ్యే జబ్బు. ఆమెకు వైద్యం చేయిస్తే బిడ్డకు కూడా చేయించినట్టే. ఈలోగా అమ్మమ్మో, మేనత్తో, తండ్రో ఆ బిడ్డకు ఊఁ కొడుతూ ఉండాలి.

తొలి గంటల సంగతి ఒకటి చెప్పాలి. 1970ల్లో క్లావుస్, కెన్నెల్ అనే ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు పుట్టిన వెంటనే బిడ్డను తల్లి చేతికివ్వాలని గట్టిగా వాదించారు. దానివల్ల ఎన్నో ఆసుపత్రుల్లో మంచి మార్పులు వచ్చాయి. అయితే ఆ గంటలు దాటితే బంధం కుదరదన్న భయం కూడా వెంటే వచ్చింది. ఆ భయానికి తర్వాతి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 61 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్న ప్రశ్న వేరే సభలో గట్టిగా అడగాల్సిందే. ఇక్కడ నేను చెప్పేది మత్తు దిగేదాకా బిడ్డను చూడలేకపోయానని ఏడ్చే తల్లికి: మీకు ముందు వేల సంభాషణలున్నాయి, మొదటిది కాస్త ఆలస్యమైంది, అంతే.

ఏడ్చిన వెంటనే ఎత్తుకుంటే చేతి అలవాటవుతుందని మన పెద్దవాళ్ళలో సగంమంది అంటారు, ఎత్తుకోకపోతే గుండె పగిలేలా ఏడుస్తాడని మిగిలిన సగం అంటారు. ఈ తగవులో నిజమేమిటో మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బాల్టిమోర్‌లో ఇంటింటికీ తిరిగి గమనించింది. తొలి నెలల్లో ఏడుపుకు త్వరగా పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని 1972లో సిల్వియా బెల్‌తో కలిసి ప్రకటించింది. లెక్కల మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. నా అనుభవం మాత్రం ఐన్స్‌వర్త్ పక్షానే ఉంది.

అంతకుముందు 1954-55లో ఆమె ఉగాండాలో కంపాలా దగ్గరి పల్లెల్లో 26 మంది తల్లులనూ వాళ్ళ 28 మంది పసిపిల్లలనూ నెలల తరబడి చూసింది. తల్లి కనుచూపు మేరలో ఉంటే పిల్లలు పాక్కుంటూ దూరంగా వెళ్ళడం, వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుని మళ్ళీ ముందుకు పోవడం ఆమె అక్కడే గుర్తించింది. అతుక్కుపోవడం కాదు, ధైర్యంగా వదిలి వెళ్ళగలగడం గట్టి బంధానికి గుర్తు. ఆమె గమనించిన మరో విషయం మా మాస్టారికి ఎంతో ఇష్టం. ఏ తల్లి తన బిడ్డ గురించి అడగకుండానే వివరంగా చెప్పగలిగిందో, ఆ తల్లి బిడ్డకు బంధం గట్టిగా ఉండడం ఎక్కువగా కనిపించింది. "ఏమంటున్నాడమ్మా మీవాడు?" అన్న ప్రశ్నకు బదులు చెప్పగలిగిన తల్లి అన్నమాట.

చెప్పగలిగేది తల్లే కానక్కర్లేదు. ఉద్యోగాల వల్ల ఆరు నెలల బిడ్డను ఇక్కడ అమ్మమ్మ దగ్గర వదిలి అమెరికా వెళ్ళిన జంటలను చాలామందిని చూశాను. వాళ్ళను తప్పుపట్టను, ఆ ఇబ్బందులు వాళ్ళకే తెలుసు. ఏడాదిన్నర వయసులో ఒక పాపను తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు వచ్చారు. కన్నతల్లి దగ్గరికే కదా, వారంలో సర్దుకుంటుందని అనుకున్నారు. ఆ పాపకు ఊఁ కొట్టిన మనిషి అమ్మమ్మ. విమానం ఎక్కడమంటే ఆ పిల్లకు తల్లి దొరకడం కాదు, తల్లి పోవడం. డల్లాస్ చేరాక పాప అన్నం మానేసిందని ఫోను వచ్చింది. అమ్మమ్మను కూడా నాలుగు నెలలు రప్పించుకోండి అన్నాను, రప్పించుకున్నారు, ఇద్దరి చేతుల్లోనూ అలవాటయ్యాక ఆమె తిరిగొచ్చింది. ముందే అలా చేస్తే ఆ పిల్ల అన్ని రోజులు ఏడ్చేది కాదు.

వీడియో కాల్ ఉంది కదా అంటారు. 1985లో లిన్ మర్రే, కాల్విన్ ట్రెవార్థెన్ ప్రకటించిన ప్రయోగంలో తల్లినీ రెండు మూడు నెలల బిడ్డనూ వేర్వేరు గదుల్లో ఉంచి టీవీ తెరల మీద ఒకరికొకరిని చూపించారు. అప్పటికప్పుడు జరుగుతున్నంతసేపూ బిడ్డ హాయిగా ఊసులాడాడు. తర్వాత అదే తల్లి నవ్వును, అదే మాటను రికార్డు చేసి కాస్త ఆగి చూపిస్తే ముఖం తిప్పుకుని చిరాకుపడ్డాడు. నవ్వు అదే, కానీ అది తనకు బదులు కాదు. కాల్ చేసేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే చాలు. బిడ్డ చేసినదానికి అప్పుడే పలకండి, తెర ముందు మీరు మాత్రమే మాట్లాడుతూ పోవద్దు.

ఇక నేను చెప్పక తప్పని ఒక విషయం. పీజీ చేసే రోజుల్లో నేను పనిచేసిన వార్డులో తల్లులను రోజుకు రెండుసార్లు, అరగంట చొప్పున లోపలికి రానిచ్చేవారు. ఇన్ఫెక్షన్ భయం ఒకటి, గొడవ ఉంటుందన్నది ఇంకొకటి. న్యుమోనియాతో 14 నెలల బాబు ఒకడు చేరాడు. రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చాడు. మూడో రోజు ఏడుపు ఆగింది. పెట్టింది తిన్నాడు, సూది వేసినా పెద్దగా అరవలేదు. "బిడ్డ అలవాటు పడ్డాడు" అని కేస్‌షీట్‌లో రాశాను. సాయంత్రం తల్లి వచ్చి చేతులు చాస్తే ఆ బాబు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రౌండ్స్‌లో మాస్టారు కేస్‌షీట్ చదివి, నన్ను పక్కకు పిలిచి, "వాడు అలవాటు పడలేదమ్మా, ఆశ వదులుకున్నాడు" అన్నారు. ఆ రాత్రి ఆ తల్లికి మంచం పక్కన చాప వేయించారు. రెండు రోజులకు వాడు మళ్ళీ ఏడ్చాడు, అమ్మ కాసేపు కనపడకపోతే. మాస్టారు సంతోషించారు.

మాస్టారికి ఈ చూపు నేర్పింది జేమ్స్ రాబర్ట్‌సన్ తీసిన మూకీ సినిమా అని తర్వాత తెలిసింది. లండన్‌లో మనోవైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన రాబర్ట్‌సన్, చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లారా అనే రెండేళ్ళ పాపను చేతి కెమెరాతో తీశాడు. తనకు కావలసినవే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా రోజూ నిర్ణీత వేళల్లో, గడియారం కనపడేలా తీశాడు. 1952లో డాక్టర్లకు చూపిస్తే చాలామంది మండిపడ్డారు. మా వార్డుల్లో పిల్లలు సంతోషంగానే ఉంటారని వాదించారు. పిల్లలు ముందు మొత్తుకుంటారు, తర్వాత కుంగిపోతారు, ఆ తర్వాత తల్లి అక్కర్లేనట్టు ఉంటారు. ఆ మూడో దశనే అందరూ కుదురుకోవడం అనుకున్నారని రాబర్ట్‌సన్ చెప్పాడు. తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ 1959లో సిఫారసు చేసింది.

తల్లిని లోపలికి రానిస్తే ప్రాణానికి ముప్పని అప్పట్లో మా భయం. జరిగింది దానికి తలకిందులు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే సనాబ్రియా అనే డాక్టరు నెల తక్కువ పిల్లలను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఆనించి కట్టించాడు. గతిలేక మొదలైన ఆ పద్ధతిని కంగారూ సంరక్షణ అంటున్నాం. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని ఆసుపత్రుల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించిన పిల్లల్లో 28 రోజుల్లోపు చనిపోయినవాళ్ళు 12 శాతం, మామూలు పద్ధతిలో 15.7 శాతం. ఇందుకోసం చేసిన ముఖ్యమైన ఏర్పాటు ఐసీయూలో బిడ్డ పక్కనే తల్లికి మంచం వేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీన్ని అన్ని దేశాలకూ సూచించింది.

బంధానికి కావలసిన మొదటి సరుకు సమయం. 2017లో మన దేశంలో చట్టాన్ని సవరించి ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లలను చూసుకునే గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని రాశారు. మంచి చట్టం. కానీ మిరపకాయల కోతకు వెళ్ళి గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టుకునే తల్లికి, నాలుగిళ్ళలో పాచిపని చేసే తల్లికి ఆ 26 వారాలు లేవు. వాళ్ళకున్నది తొలికాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000 రూపాయలు. ఆ డబ్బుతో ఆమె ఎన్ని రోజులు పని మానుకుని బిడ్డకు ఊఁ కొట్టగలదో లెక్క వేయండి. ప్రభుత్వాల్లో పనిచేసేవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆ లెక్క మీరే వేయాలి.

మిగిలిన అందరినీ ఒక్కటి అడుగుతాను. మీ ఊరి పెద్దాసుపత్రిలో నవజాత శిశువుల వార్డు ఉంటుంది. ఎప్పుడైనా వెళ్ళి, తల్లికి మంచం ఎక్కడ వేశారని అడగండి. గేటు బయట, వరండాలో అని చెబితే ఊరుకోకండి. లోపల వేసేదాకా అడుగుతూనే ఉండండి.